దండనము ముగిసిన పిదప

సాక్చీకి ఆనుకొని యున్న కాసిడీహ్‌లో ఒక తెలుగువారి యింట కొన్ని మాసముల క్రిందట ఒక సాయంకాలము కూర్చుండి యుంటిని. జంషెడ్‌పూర్‌లో తెలుగుమాట వినబడుట వింత గాదు. 1907లో ఇనుము ఉక్కు సంస్థ యేర్పడి, 1912లో తొలి ఉక్కు వెలువడి, ఆ కర్మాగారము పెరిగిన కొలది శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపునుండి ఎన్నో కుటుంబములు పొట్ట చేతబట్టుకొని అక్కడికి చేరినవి. బిష్టుపూరు రామమందిరమునకు పోయినచో మనము వంశధార యొడ్డున ఉన్నామో, సువర్ణరేఖ యొడ్డున ఉన్నామో క్షణకాలము తెలియదు.

నేను వెళ్ళిన యింటి పెద్ద కొలిమి దగ్గర ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఆయన మనుమడు ఏడవ తరగతి చదువుచున్నాడు. పనిదినమైనను బాలుడు ఇంటనే యుండుట చూచి జ్వరమా అని యడిగితిని. "జ్వరము కాదు స్వామీజీ, శిక్ష" అనెను పెద్దాయన. వారము దినములు రావలదని బడివారు పంపివేసిరట.

జరిగిన దిది. తోటి బాలుడొకడు అట్టముక్కలతో, పాత డబ్బాలతో బ్లాస్టు ఫర్నేసు నమూనా చేసి బడిలోని ప్రదర్శనమునకు తెచ్చెను. తల్లియు తానును మూడు వారములు కూర్చుండి చేసినది. ఏదో మాట వచ్చినది. మాటకు మాట పెరిగినది. మన బాలుడు ఆ నమూనాను మేడమీది వరండానుండి క్రిందికి త్రోసివేసెను. ఉపాధ్యాయులు విచారించిరి, తప్పు ఒప్పుకొన్నాడు, శిక్ష పడినది. వారు కొట్టలేదు, తిట్టలేదు. వారిని తప్పుపట్టుటకు నాకు నోరాడలేదు.

బాలుని దగ్గరకు పిలిచి, "ఆ అబ్బాయితో మాట్లాడితివా?" అని యడిగితిని.

"ఎందుకండీ? నా శిక్ష సోమవారంతో అయిపోతుంది గదా" అనెను.

ఆ మాటలో పొగరు లేదు. ఉన్నదంతయు లెక్క. అంగడివాని అప్పు తీర్చినవాడు మరల వాని ముఖము చూడనక్కరలేదు. కాని యీ అప్పు ఎవరికి చెల్లినది? నమూనా పోయిన బాలునికి చెల్లలేదు. అతనికి అట్టముక్క యొకటైనను తిరిగి రాలేదు. తన మూడు వారముల శ్రమ నేలపాలగుట చూచినపుడు తన కెట్లుండెనో చెప్పుకొనుటకు చోటును దొరకలేదు. చెల్లింపు నందుకొన్నది బడి. బడి నియమము భంగమైనది, బడి దండించినది, బడి తృప్తి చెందినది. బాధపడినవాడు కథలోనుండి జారిపోయెను. తప్పు చేసినవాడు వారము దినములు ఇంట కూర్చుండి, తాను చేసినదానిని గాక తనకు జరిగినదానిని తలపోసెను. దండనమునందలి వింత యిదియే. అది మనస్సును బాధితునివైపు త్రిప్పవలసిన వేళ అపరాధివైపే త్రిప్పును.

పూర్వము గురుకులములలో దండనమే లేదని కొందరు చెప్పుదురు. అది సరికాదు. గౌతమధర్మసూత్రము శిష్యుని కొట్టకయే శిక్షణ మీయవలెనని ముందుగా చెప్పి, అది సాధ్యము కానిచో సన్నని త్రాటితోనో, చీల్చిన వెదురుబద్దతోనో కొట్టవచ్చునని యనుమతించినది. మరి దేనితోనైన కొట్టిన గురువును రాజు దండింపవలెనని వెంటనే చేర్చినది. ఆపస్తంబుడు భయపెట్టుట, ఉపవాసముంచుట, చన్నీటి స్నానము, గురువు కంటికి కనబడనీయకుండుట అను వానిని చెప్పి, శిష్యుడు తప్పు మానువరకే యని హద్దు పెట్టెను. నిన్న మొన్నటి వీధిబడులలో ఈ హద్దు లెవరికిని గుర్తులేకపోయెను. గుంజీళ్ళు, గోడకుర్చీ, కోదండము అను మాటలు వినినంతనే మన తాతలనాటి వారికి వీపు జలదరించెడిది. కొట్టినచోగాని చదువు రాదని ప్రేమతోనే నమ్మినవారు వారు. ఆ ప్రేమను నేను శంకింపను. ఆ నమ్మకమునే శంకించుచున్నాను.

ఇప్పుడు చట్టము బెత్తమును తీసివేసినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో శారీరక దండనమును మాత్రమే గాక మానసికమైన వేధింపును కూడ నిషేధించినది. 16వ సెక్షను ప్రాథమిక విద్య ముగియువరకు బాలుని బడినుండి తొలగింపరాదన్నది. ఆ చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. మంచిదే. కాని చట్టము చేయరానిదానిని చెప్పినంత స్పష్టముగా చేయవలసినదానిని చెప్పజాలదు. బెత్తము పోయిన చేయి ఖాళీగా నుండలేక మరియొకదానిని వెదకికొనును. అదియే అవమానము.

కాసిడీహ్‌కు పొరుగుననే సాక్చీలో 2022 అక్టోబరులో జరిగినదానిని తలచుకొన్నపుడు కలము సాగదు. పరీక్షలో చీటీ దాచుకొన్నదను అనుమానముతో తొమ్మిదవ తరగతి బాలిక నొకతెను ఆమె అభ్యంతరమును పాటింపక దుస్తులు తీయించి సోదా చేసిరని వార్త వచ్చెను. ఆ బిడ్డ ఇంటికి పోయి ప్రాణత్యాగమునకు పూనుకొని, కొన్ని దినములు ఆసుపత్రిలో నుండి మరణించెను. ఎవరును ఆమెను బెత్తముతో కొట్టలేదు. చట్టము తన పని తాను చేసికొన్నది. ఆ తల్లి కది యేమి చెల్లించును?

సిగ్గు వేరు, పశ్చాత్తాపము వేరు. సిగ్గుపడినవాడు తన్ను తాను చూచికొని, తాను చెడ్డవాడనని కుంగును; లేదా కుంగుట యిష్టములేక రోషము తెచ్చుకొనును. పశ్చాత్తాపము పొందినవాడు ఎదుటివానిని చూచి, తాను చెడ్డపని చేసితినని దుఃఖించును. మొదటివానికి దాగుకొనుటకు చోటు కావలెను. రెండవవానికి దిద్దుకొనుటకు దారి కావలెను. మన శిక్షలలో పెక్కింటికి దారి యుండదు, చూచువారి గుంపు మాత్ర ముండును.

దారి యేర్పరచు ప్రయత్నము లోకమున లేకపోలేదు. 1974లో కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రమున ఎల్మైరా అను ఊర ఇద్దరు యువకులు త్రాగి యొక రాత్రి 22 చోట్ల ఇండ్లకు, బండ్లకు నష్టము కలిగించిరి. వారిని కనిపెట్టి యుండు అధికారి, వారు ఆయా యిండ్లవారిని స్వయముగా కలిసికొన్న బాగుండునని న్యాయాధికారికి సూచించెను. ఆయన మొదట సందేహించినను ఒప్పుకొనెను. యువకులు గడపగడపకు పోయి తలుపు తట్టి, "మేమే" అని చెప్పి, నష్టమెంతో తెలిసికొని, కొన్ని మాసములలో చెల్లించిరి. న్యూజిలాండు 1989లో చేసిన చట్టముచేత, తప్పు చేసిన బాలుని, అతని కుటుంబమును, బాధపడినవారిని ఒకచోట కూర్చుండబెట్టి నిర్ణయము చేయించు పద్ధతి నేర్పరచినది. అందు మావోరీ జాతివారి ఆచారము కలిసియున్నది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండున ఒక ఉన్నత పాఠశాల దీనిని బడిలోనికి తెచ్చెను. అక్కడినుండి ఇది పెక్కు దేశముల బడులకు ప్రాకినది. దీనిని పునఃస్థాపన పద్ధతి యనవచ్చును; తెగిన సంబంధమును మరల నిలుపుట దాని యుద్దేశము.

పద్ధతి చూచుటకు సులువు. అందరును వలయముగా కూర్చుందురు. ఏమి జరిగినది? అప్పుడు నీ మనసులో నేమున్నది? దీనివలన ఎవరికి బాధ కలిగినది? సరిచేయుట కేమి కావలెను? ఈ ప్రశ్నలే. "ఎందుకు చేసితివి?" అను ప్రశ్న సాధారణముగా అడుగరు. ఇది నాకు మొదట ఆశ్చర్యమైనది. తరువాత తెలిసినది. "ఎందుకు" అన్నంతనే పిల్లవాడు వకీలగును. "ఏమి జరిగినది" అన్నచో సాక్షి యగును.

మావోరీలవరకు పోనేల? జంషెడ్‌పూర్‌కు పడమటనున్న కొల్హానులో హో జనుల గ్రామమునకు ముండా, కొన్ని గ్రామములకు మాన్కీ పెద్దలై తగవులు తీర్చుట తరతరముల యేర్పాటు. 1837లో విల్కిన్సను కూడ దానిని తొలగింపక గుర్తించెను. ఊరంతయు కూర్చుండి ఇరుపక్షముల మాట విని రాజీ చేయుట మన పల్లె రచ్చబండకును తెలిసినదే. అయితే ఊరు కూర్చున్నంతనే న్యాయము జరుగునని భ్రమపడరాదు. కలుపుకొనుటకు కూర్చున్న వలయమే వెలివేయుటకును కూర్చుండగలదు. రచ్చబండ చరిత్రలో రెండును ఉన్నవి.

ఫలితములను గూర్చియు ఉన్నమాట చెప్పవలెను. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున 44 బడులను రెండు భాగములు చేసి, సగము బడులలో రెండు విద్యాసంవత్సరములు ఈ పద్ధతి నడిపి, 2018లో ఫలితములు ప్రకటించిరి. పిల్లలను బడినుండి కొన్ని దినములు పంపివేయుట తగ్గినది. బడి వాతావరణము మెరుగుపడినదని ఉపాధ్యాయులు చెప్పిరి. కాని చదువులో అభివృద్ధి కనబడలేదు; ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు గలవారి చదువు కొంత వెనుకబడినది కూడ. దీనిని దాచి పద్ధతిని పొగడుట సత్యము గాదు. ఏబదిమంది పిల్లలు గల తరగతిలో వలయములు పెట్టించి కూర్చుండుటకు వ్యవధి యెక్కడిదని మన ఉపాధ్యాయుడు అడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానము ఉపన్యాసము కాదు, మరియొక ఉపాధ్యాయుడు.

వీనికన్న లోతైన ఆక్షేపణ యొకటి కలదు. క్షమాపణ చెప్పుమని ఆజ్ఞాపించినచో అదియు ఒక శిక్షయే గదా! పెదవులు "క్షమించు" మనును, లోపల పండ్లు కొరుకును. అంతేగాక, బాధపడిన బిడ్డను బలవంతముగా కూర్చుండబెట్టి క్షమింపుమనుట అతనిని రెండవమారు కొట్టుట. కావున ఇద్దరిలో నెవరికిని బలవంతము పనికిరాదు. మరి, తప్పు చేసినవాని కాళ్ళు ఆ గడపవైపు తమంతట తాము నడచునా?

బౌద్ధుల వినయపిటకమున ఒక వృత్తాంతము దీనికి సమాధానము వంటిది. సుధమ్ముడను భిక్షువు తన్ను పోషించుచున్న చిత్తుడను గృహస్థుని అసూయచేత మాటలతో నొప్పించెను. బుద్ధుడు అతనిని తిరిగి పోయి క్షమాపణ కోరుమనెను. సుధమ్ముడు అంతదూరము పోయియు, సిగ్గుచేత నోరు పెగలక తిరిగి వచ్చివేసెను. అప్పుడు బుద్ధుడు అతనిని గద్దింపలేదు, శిక్షను పెంచలేదు. తోడుగా మరియొక భిక్షువును పంపుమనెను. సన్న్యాసులమైన మాకు ఈ కథ కొంచెము గుచ్చుకొనును. గృహస్థుని ఎదుట కాషాయము వంగుట తేలిక కాదు. సుధమ్ముడు దుష్టుడై తిరిగి రాలేదు, ఒంటరియై తిరిగి వచ్చెను. అతనికి లేనిది మంచి మనసు కాదు, ప్రక్కన నడచువాడు. ఎల్మైరాలో సైతము ఆ యువకుల వెంట పోయినవారుండిరి.

ప్రక్కన నడచువా డెవడు కావలెను? ఇక్కడనే పెద్దల పరీక్ష మొదలగును. తీర్పు చెప్పు పీఠముపై కూర్చున్నవాడు ప్రక్కన నడువలేడు, ముందుగా దిగవలెను. గాంధీగారి ఆత్మకథలో ఇది చక్కగా కనబడును. టాల్‌స్టాయి క్షేత్రములో అల్లరిపిల్లవాని నొకనిని ఆయన ఒకమారు రూళ్ళకర్రతో కొట్టెను. కొట్టునపుడు ఆయనే వణకెను. బాలుడు ఏడ్చి క్షమింపుమనెను. ఆ బాలుడు ఏడ్చినది నొప్పిచేత కాదనియు, తన బాధను చూచి యనియు తలచినను, తాను చేసినది ఒప్పా తప్పా యను సందేహము గాంధీగారిని విడువలేదు. తరువాత ఫీనిక్సులో ఆశ్రమవాసు లిద్దరు నైతికముగా పతనమైనట్లు తెలిసినపుడు, ఆయన వారిని దండింపక, తాను ఏడు దినములు ఉపవాసముండి, నాలుగున్నర మాసములు ఒంటిపూట భుజించెను. సంరక్షకుడు కొంతైనను బాధ్యుడని ఆయన తలంపు. అందరును అట్లు చేయవలెనని నే ననను. ఉపవాసము కూడ పిల్లలపై ఒక పెద్ద కర్ర కాగలదు. నాకు ముఖ్యముగా తోచునది, "దీనివలన ఎవరికి బాధ కలిగినది?" అను ప్రశ్నను ఆయన ముందు తనమీదికి త్రిప్పుకొనెననునది.

పెద్దలను ప్రశ్నించుట మన సంప్రదాయము కాదందురా? మాండవ్యుని కథ చూడుడు. చేయని నేరమునకు రాజభటులచేత కొఱ్ఱు వేయబడిన ఆ ముని, యమధర్మరాజు నొద్దకు పోయి కారణ మడిగెను. చిన్ననాడు పురుగులను గడ్డిపుడకతో గ్రుచ్చిన ఫలమని యముడు చెప్పెను. బాల్యపు తెలియనితనమున కింత శిక్షయా యని మాండవ్యుడు ధర్మదేవతనే శపించి, పదునాలుగేండ్లలోపు వారికి పాపమంటదని మర్యాద యేర్పరచెను. ధర్ముడు దాసీగర్భమున విదురుడై పుట్టెను. శాపమునకు శాపమనునది నేనిక్కడ చెప్పుచున్న మార్గము కాదు; అయినను, బాలునికి మితిమీరిన దండన విధించిన పాపమునకు యముడంతటివాడు జవాబు చెప్పవలసివచ్చె నని మహాభారతము చెప్పుచున్నది. విద్యాహక్కు చట్టము కూడ పదునాలుగేండ్లనే హద్దుగా పెట్టుకొనుట యాదృచ్ఛికమే కావచ్చును, నాకు మాత్రము ముచ్చట గొలిపినది. ఇక ఆపస్తంబుడు, మన తెలుగునాట నెందరికో సూత్రకారుడు, గురువు పొరపాటుననో తెలిసియో నియమము తప్పినచో శిష్యుడు రహస్యముగా తెలియజెప్పవలె నని విధించినాడు. శిక్షలు చెప్పిన గ్రంథమే దీనిని కూడ చెప్పినది. మొదటిదానిని గుర్తుంచుకొని రెండవదానిని మరచితిమి.

"రహస్యముగా" అన్న మాట నా కొకప్పుడు మంచి ఆశ్రయమైనది. విద్యార్థి వసతిగృహ మొకదానిలో నేను పనిచేయుచుండిన కాలమున, ఒక బాలుని పుస్తకములలో మరియొకని పెన్ను దొరకినది. ప్రార్థన ముగిసిన పిమ్మట అందరి యెదుట నిలువబెట్టి క్షమాపణ చెప్పించితిని. చెప్పెను. మూడవనాడు తెలిసినది, పెన్ను ఆ సొంతగాడే ఇచ్చి మరచెనని. బాలుని నా గదికి పిలిచి, "పొరపాటైనది నాయనా" అంటిని. అతడు తల వంచుకొని, "నాతో అందరి ముందు చెప్పించారు గదా స్వామీజీ" అనెను. అంతకన్న నేమియు ననలేదు. తప్పు మోపినది సభలో, దిద్దుకొన్నది గదిలో. నేను ప్రార్థనాసమయమున లేచి ఆ మాట చెప్పుటకు నాలుగు దినములు పట్టినది. పిల్లలు నన్ను చులకన చేయుదురేమో, క్రమశిక్షణ చెడునేమో, చిన్న విషయమును పెద్దది చేయనేలయో యని ఆ నాలుగు దినములు నా మనస్సు చెప్పిన సాకులు, తప్పు చేసిన పిల్లలు చెప్పు సాకులకన్న గొప్పవేమియు కావు. చెప్పిన తరువాత క్రమశిక్షణ చెడలేదు. ఆ బాలుడు నన్ను క్షమించెనో లేదో నాకు తెలియదు. అడుగుట కర్హత లేదని అడుగలేదు.

కాసిడీహ్ పెద్దాయనకు సుధమ్ముని కథ చెప్పితిని. ఆయన ఏమియు ననలేదు. మరునాటి సాయంకాలము మనుమని వెంటబెట్టుకొని ఆ రెండవ బాలుని యింటికి బయలుదేరెనట. గేటుదాక పోయి మనుమడు వెనుదిరిగెను. దారిలో, "తాతా, బడి నుంచి వచ్చిన రోజున నువ్వు నన్ను చెంపమీద కొట్టావు గదా, నేను దాని గురించి ఎవర్ని అడగాలి?" అనెనట. పెద్దాయన నాకు ఈ సంగతి నవ్వుచునే చెప్పబోయెను, కాని నడుమ గొంతు పట్టుకొనెను. ఆయన మనుమనికేమి సమాధానము చెప్పెనో నాకు చెప్పలేదు. చెప్పినది మాత్రము, మూడవనాడు మరల ఇద్దరును కలిసి పోయిరని.

ఆ బాలుడు మొదట బయటికి రాలేదు. క్షమాపణ తనకు వలదని లోపలినుండియే చెప్పెను. తల్లి కుర్చీలు వేసి టీ ఇచ్చెను. పగిలిన నమూనా ఒక మూల పాతచీరపై నుండెను. పెద్దాయన దానిని చేతిలోనికి తీసికొని త్రిప్పి చూచి, కొలిమి ప్రక్కన గాలిని కాచు స్టవ్వులు లేవేమని యడిగెనట. ముప్పది యేండ్లు వాని యెదుట నిలిచినవాడు గదా! అప్పుడు లోపలినుండి, "పుస్తకంలో అవి లేవు" అని జవాబు వచ్చినది. కొంతసేపటికి జవాబు వెనుక బాలుడును వచ్చెను.

నేను జంషెడ్‌పూర్ విడుచునాటికి ఆ యిద్దరు బాలురకును మాటలు కలియలేదు. ఒకడు అట్ట కత్తిరించుచుండగా ఒకడు జిగురు పూయుచుండెనని, కావలసినపుడు తాత ద్వారా అడుగుకొనుచుండిరని పెద్దాయన చెప్పెను. స్టవ్వులు మూడింటిలో రెండు నిలిచినవి. మూడవదానికి సరిపోవు డబ్బా ఇంకను దొరకలేదు.